అప్పలస్వామి గారి నరాల ఆఫీసు

1983 ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం, అమెరికాలోని ఫ్రీమాంట్‌లో పైడి అప్పలస్వామి గారు కారు దిగి తలుపు వేసి, ముందుకు నడవబోయి ఆగిపోయారు. వేసుకున్న పొడుగు కోటు అంచు తలుపులో ఇరుక్కుంది. తలుపు లాక్ పడింది. తాళాలు లోపల సీటు మీద కనిపిస్తున్నాయి. కోటు విప్పేసి బయటపడదామని చూశారు. గుండీలు ఆయన భార్య బాలమణి ఆ వారమే కొత్తగా కుట్టింది. అవి కాజాల కన్నా పెద్దవి. ఉదయం ఆవిడే ఎలాగో తొడిగింది గాని, తీయడం ఆయన వల్ల కాలేదు.

సన్నగా వాన పడుతోంది. ఆయన ఎవరి కోసమో ఎదురుచూస్తున్న మనిషిలాగా కారుకి ఆనుకుని నిలబడ్డారు. దారినపోయే ఇద్దరికి గుడ్ మార్నింగ్ కూడా చెప్పారు.

కాసేపటికి ఎదురుగా ఉన్న ఆఫీసులోంచి ఒక నర్సూ, ఒక కాపలా మనిషీ వచ్చారు. కాపలా మనిషి గుండీలు కత్తిరించాడు. నర్సు అలవాటు కొద్దీ, "ఏం భయం లేదు, మేమున్నాం కదా" అంది. నేల జారుడుగా ఉందని చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని జాగ్రత్తగా లోపలికి నడిపించారు. కోటు మాత్రం కారుకి వేలాడుతూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఎర్రలైటు దగ్గర కృష్ణమోహన్ కారు ఆగి ఉంది. కృష్ణమోహన్ చిప్ కంపెనీలో ఇంజనీరు. కారుకి వేలాడుతున్న కోటు చూశాడు, రెక్కలు పట్టుకున్న ఇద్దర్నీ చూశాడు, ఆపైన గుమ్మం మీద బోర్డు చూశాడు. అక్కడి జిల్లా అయిన కౌంటీ వాళ్ళ మానసిక ఆరోగ్య కేంద్రం అని బారెడు అక్షరాలతో ఉంది. పచ్చలైటు పడేసరికి అతనికి అంతా అర్థమైపోయింది.

కృష్ణమోహన్ చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం ఒక్క రాధాకృష్ణ గారికే చెప్పాడు, ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పాడు. రాధాకృష్ణ గారు తెలుగు సంఘానికి ప్రెసిడెంటు కాబట్టి సంఘానికి మాత్రమే చెప్పారు. అప్పట్లో సంఘం అంటే ఫ్రీమాంట్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ.

నిజానికి అప్పలస్వామి గారు అక్కడ మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నారు. చైనా వాళ్ళు చెప్పేది డాక్టర్లకి ఇంగ్లీషులోనూ, డాక్టర్లు అడిగేది చైనా వాళ్ళకి వాళ్ళ భాషలోనూ చెప్పడం ఆయన పని.

శ్రీకాకుళం మనిషికి చైనా భాష ఎలా వచ్చిందని అడగొచ్చు. ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. మనవాళ్ళు కొత్తవాణ్ణి చూస్తే అడిగేది ఒకటే: "మీదే ఊరండీ?" దానికి ఆయన, వాళ్ళ నాన్న చెప్పమన్నట్టే, "పలాస దగ్గరండీ" అనేవారు. పలాస ఆయన మొదటిసారి చూసింది పాతికేళ్ళు దాటాక, పెళ్ళిచూపులకి. పుట్టిందీ పెరిగిందీ మలయాలో, ఈపో పట్నంలో. తండ్రి రబ్బరు తోటలో పాలు తీసే పనికి వెళ్ళి, తర్వాత పట్నంలో ఆసుపత్రి వార్డుబోయ్‌గా కుదిరాడు. వాళ్ళ గదికి కింద ఒక కాంటన్ చైనా వాళ్ళ నూడుల్స్ కొట్టు ఉండేది. అప్పలస్వామి ఆ కొట్లోనే పాకాడు, తిన్నాడు, తన్నులు కూడా తిన్నాడు. తెలుగు ఇంట్లో వచ్చింది, కాంటనీస్ కింద కొట్లో వచ్చింది, ఇంగ్లీషు బడిలో వచ్చింది. తర్వాత ఓడల కంపెనీ గుమాస్తాగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, ఆ కంపెనీ మూతపడ్డాక ఫ్రీమాంట్ వచ్చి పడ్డారు. మీదే ఊరంటే ఇదంతా ఎవరు చెబుతారు? పలాస అంటే సరిపోతుంది.

వియత్నాం నుంచి కాంటనీస్ మాట్లాడే కాందిశీకులు వచ్చి పడుతున్న రోజులవి. కౌంటీ వాళ్ళకి మనిషి కావాలి. ఫోన్లో ఆయన మాట విని అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు. తీరా ఆయన వచ్చాక, ముందు బల్ల దగ్గర అమ్మాయి చాలాసేపు ఆయన భుజాల వెనక్కి చూసింది, చైనా మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని.

చేరిన రోజున ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక్కడి సంగతులు బయట చెప్పకూడదు అని దాని సారాంశం. దొరల ప్రభుత్వంలో పుట్టినవాడు కాబట్టి ఆయన ఆ కాగితాన్ని పూర్తిగా నమ్మారు. ఎక్కడ పనిచేస్తున్నదీ కూడా చెప్పకూడదనుకున్నారు.

"కౌంటీ ఆఫీసులో ఏటి పని?" అని బాలమణి అడిగింది.

"మాట్లాడ్డం."

"ఎవరితోటి?"

"అది చెప్పకూడదు."

నెలనెలా జీతం వస్తోంది కదా అని ఆవిడ ఊరుకుంది.

ఆ పనిలో కష్టం ఏమిటంటే, మనసుకి వచ్చే జబ్బుల పేర్లు ఇంగ్లీషు వాళ్ళు జలుబూ దగ్గూ అన్నంత తేలిగ్గా అనేస్తారు. కాంటనీస్‌లో వాటికి పేర్లు లేవని కాదు, పెద్దవాళ్ళ ముందు అనరు. ఒకసారి అంటే ఇంట్లో ఆడపిల్లకి సంబంధాలు రావు. మొదటివారంలో ఆయన ఒక ముసలాయన ఇంటికి ఫోన్ చేసి ఆసుపత్రి పేరు ఉన్నదున్నట్టు కాంటనీస్‌లో చెప్పారు. వాళ్ళు ఫోన్ పెట్టేశారు. మర్నాటికి ఆ నంబరే లేదు. అప్పటినుంచీ ఆయన, "నరాల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండీ" అనడం మొదలుపెట్టారు. నరాలు బలహీనపడటానికి ఎవరికీ అభ్యంతరం లేదు. జనం రావడం మొదలుపెట్టారు.

డాక్టర్ ఎలెన్ అని ఒక సన్నటి అమెరికన్ ఆవిడ ఉండేది. ఆవిడ ముందు ఒక రోజు లియోంగ్ అనే పెద్దావిడ కూర్చుంది. మధ్యలో అప్పలస్వామి గారు, పక్కన ఆయన ఫ్లాస్కు.

"ఈమధ్య దిగులుగా ఉంటోందా అని అడగండి" అంది డాక్టర్.

అప్పలస్వామి గారు పెద్దావిడకి టీ పోసి, భోజనం చేశారా అని అడిగారు. వానలో ఎలా వచ్చారన్నారు. మనవలు ఎంతమందన్నారు. వాళ్ళలో ఎవరు అల్లరివాళ్ళన్నారు. ఇక్కడ కూరలు రుచిగా ఉంటున్నాయా అన్నారు. డాక్టర్ కాఫీ చల్లారిపోయింది.

"ఏమన్నారావిడ?"

"ఇంకా మీ ప్రశ్న అడగలేదండీ. దగ్గర పడుతున్నాను."

"నేనడిగింది ఒక్క మాట, మిస్టర్ పైడి."

"నిజమే డాక్టర్. కానీ ఆ మాట ఒక్కటే లోపలికి వెళితే ఆవిడ లేచి బయటికి వెళ్ళిపోతారు. అందుకని ముందు దాని చుట్టాల్ని పంపిస్తున్నాను."

పెద్దావిడ అప్పుడు కప్పు కిందపెట్టి చాలాసేపు మాట్లాడింది.

"ఈ దేశంలో బియ్యం బాగోలేదంటున్నారు" అని ఆయన ఇంగ్లీషులో చెప్పారు. "ముద్ద గొంతు దిగదట. పొద్దున్న లేస్తే గుండె మీద తడి బొంత కప్పినట్టు ఉంటుందట. అదీ బియ్యం వల్లేనట. వాళ్ళాయన చనిపోయిన ఏడాది నుంచీ బియ్యం ఇలాగే ఉన్నాయట."

"దిగులుగా ఉందని అన్నారా?"

"అనలేదు. అనరు కూడా. ఆవిడ బియ్యం అంటారు, మీరు దిగులని రాసుకోండి."

డాక్టర్ రాసుకుంది. పెద్దావిడ ఆవిడ కేసి చూసి ఇంకేదో అంది. ఎవరేమన్నా పొల్లుపోకుండా చెప్పాలన్నది ఉద్యోగ నియమం.

"డాక్టరమ్మ ఇలా ఎండిపోయిందేమిటి, దీనికి నిద్ర పడుతోందా, అని అడుగుతున్నారు."

డాక్టర్ పెన్ను మూసింది, తీసింది. మొగుడు వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోందని కిటికీకి చెప్పింది. అప్పలస్వామి గారు అదీ చెప్పారు. పెద్దావిడ చెయ్యి చాచి డాక్టర్ మోచెయ్యి నిమిరి, బియ్యం ఏ కొట్లో కొనాలో చెప్పింది. ఆ పూట వైద్యం బాగా జరిగింది. ఎవరికి జరిగిందన్నది మాత్రం కాగితం మీద తేలలేదు.

అలాంటి మనిషికి తెలుగులో తన చుట్టూ జరుగుతున్నది బోధపడలేదు.

కోటు ఇరుక్కున్న వారం నుంచీ లోకం ఆయనతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది. "ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని కృష్ణమోహన్ భుజం మీద చెయ్యి వేసి అడిగేవాడు. బాగుందండీ అంటే, "అదే, అదే కావాలి" అని కళ్ళు తుడుచుకున్నంత పని చేసేవాడు. వరంగల్ దామోదర్ అయితే, "ఏం ఫికర్ చెయ్యకన్నా, అంతా మంచిగైతది" అనేవాడు. ఏది మంచిగవ్వాలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. శుక్రవారాలు ఎవరో ఒకరు పులిహోర పంపేవారు. ఆదివారం రమ్మీలో ఆయనే గెలిచేవారు. జోకర్లు పట్టుకుని కూడా రాధాకృష్ణ గారు ముక్కలు పడేసి, "మీ ఆట ముందు మేమెంతండీ" అనేవారు. ఇన్నేళ్ళకి తనకి ఆట పట్టుబడిందని అప్పలస్వామి గారు మురిసిపోయారు.

ఆడవాళ్ళు బాలమణి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకునేవారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వాళ్ళు వచ్చింది వాటికోసమే అనుకుని, "ఏం చేస్తాం తల్లీ, అలవాటైపోయింది, మెట్లెక్కితేనే బాధ" అనేది. వాళ్ళలో రాధారాణి అనే ఆవిడ ఇంటికెళ్ళి, ఆయన్ని మెట్లు ఎక్కనివ్వకూడదట అని పదిమందికీ చెప్పింది.

ఇదంతా సరదాగానే ఉండేది, శనివారం క్లాసు లేకపోతే.

అప్పలస్వామి గారికి పిల్లల్లేరు. శనివారం మాత్రం ఉండేవారు. పొద్దున్నే పాత స్టేషన్ వాగన్ వేసుకుని ఇంటింటికీ వెళ్ళి తెలుగు పిల్లల్ని ఎక్కించుకుని, తన గరాజ్‌లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. చిన్నప్పుడు ఈపో శివారు రబ్బరు తోటలో రేకుల షెడ్డు కింద ఒక కూలీ మేష్టారు ఆయనకి అలాగే నేర్పాడు. పలకలు దొరక్క, పిల్లలకి పెద్ద అట్టపెట్టెలు చింపి ఇచ్చేవారు. వారమంతా ఆయన శనివారం కోసమే బతికేవారంటే బాలమణి కూడా కాదనదు.

వాగన్ ఖాళీ అవడం మొదలుపెట్టింది. ముందు రాధాకృష్ణ గారి అబ్బాయి ఉదయ్‌కి శనివారాలు స్విమ్మింగ్ వచ్చిపడింది. దామోదర్ కూతురు రేణుకి డాన్సు. కృష్ణమోహన్ పిల్లలకి పళ్ళ డాక్టరు, అదీ ప్రతి శనివారం. అప్పలస్వామి గారు అన్నీ నమ్మారు. ఉదయ్ కనిపిస్తే, "ఈత ఎంతవరకూ వచ్చిందిరా?" అని అడిగేవారు. వాడు బూట్ల కేసి చూసుకునేవాడు.

చివరికి రాధారాణి కూతురు విద్య ఒక్కతే మిగిలింది. తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మకి ఇంకా సాకు తట్టలేదు. ఒక శనివారం గరాజ్‌లో ఆ పిల్ల అట్టముక్క మీద 'ఞ' దిద్దుతూ దిద్దుతూ తలెత్తింది.

"అంకుల్, మీకు పిచ్చి ఉందా?"

"ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనరు. అందరూ విస్పర్ చేస్తారు, ఆయనకి బాగోలేదు అని. నేను ఏం బాగోలేదు, లెగ్ ఆ, అని అడిగా. మామ్ ష్ అంది. సో నేను ఫిగర్ అవుట్ చేశా."

"మరి ఉదయ్ ఈత?"

"ఉదయ్‌కి వాటర్ అంటే స్కేర్డ్ అంకుల్. వాడు బాత్‌టబ్‌లో కూడా ఏడుస్తాడు."

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. రమ్మీ, పులిహోర, భుజం మీద చేతులు, పళ్ళ డాక్టరు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాటంతట అవే తర్జుమా అయిపోయాయి. మూడేళ్ళుగా చైనా వాళ్ళ బియ్యం వెనకా, నరాల వెనకా ఏముందో వెతికిపెట్టిన మనిషికి, తెలుగులో ఎవరైనా ఆరోగ్యం అడిగితే ఇన్నాళ్ళూ ఆరోగ్యమే అడిగారనిపించింది. సొంత భాషలో అంత జాగ్రత్త ఎవరికుంటుంది?

"నెక్స్ట్ వీక్ నాకు వయొలిన్ అంట అంకుల్" అంది విద్య. "బట్ మా ఇంట్లో వయొలిన్ లేదు."

సోమవారం ఆయన డాక్టర్ ఎలెన్ దగ్గరికి వెళ్ళి, తను ఎక్కడ పనిచేస్తున్నదీ ఇంట్లో చెప్పుకోవడానికి అనుమతి కావాలని అడిగారు. ఆవిడకి అర్థమవడానికి కొంతసేపు పట్టింది.

"మూడేళ్ళుగా మీ ఆవిడకి చెప్పలేదా?"

"సంతకం పెట్టాను కదండీ."

"మీరు ఎక్కడ పనిచేస్తున్నారో ఊరంతా చెప్పుకోండి. ఇక్కడికి ఎవరు వస్తున్నారో మాత్రం ఎవరికీ చెప్పకండి. అంతే."

ఆ ఆదివారమే సంఘం వాళ్ళు ఆయనింటికి వచ్చారు. రాధాకృష్ణ గారు, కృష్ణమోహన్, దామోదర్, రాధారాణి. క్లాసుని కృష్ణమోహన్ ఇంటికి మార్చామని చెప్పడానికి వచ్చారు గాని, అది తప్ప అన్నీ మాట్లాడారు. వానలు, ఇళ్ళ వడ్డీ రేట్లు, బాలమణి పకోడీలు. అప్పలస్వామి గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసులో కూర్చున్నట్టే వచ్చినవాళ్ళకీ బాలమణికీ మధ్యన కూర్చున్నారు.

"పెద్దవారు, ఎన్నాళ్ళని శ్రమ పడతారు? కాస్త విశ్రాంతి తీసుకోవాలి" అన్నారు రాధాకృష్ణ గారు.

అప్పలస్వామి గారు భార్య వైపు తిరిగారు. "పిల్లల్ని నా దగ్గరికి పంపడానికి భయంగా ఉందంటున్నారు."

రాధాకృష్ణ గారు తింటున్న పకోడీ కింద పెట్టేశారు.

"అబ్బెబ్బే, నేనన్నది అది కాదండీ. ఈ డ్రైవింగూ అదీ, మనసు మీద ఒత్తిడి..."

"నాకు పిచ్చి అంటున్నారు" అని ఆయన బాలమణికి అందించారు.

"గట్ల కాదన్నా" అన్నాడు దామోదర్. "మనోడివని కడుపుల పెట్టుకుంటున్నం."

"ఈయనా అదే అంటున్నారు. కొంచెం ప్రేమగా అంటున్నారు."

బాలమణి పకోడీల పళ్ళెం వెనక్కి లాక్కుంది. "ఎవరికేటి పిచ్చి? మోకాళ్ళ నొప్పికొచ్చేరనుకున్నాను గదా నేను."

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. తను అక్కడ ఉద్యోగినని చెప్పారు. అందరూ మెల్లగా తల ఊపారు. ఫోటో ఉన్న ఆఫీసు కార్డు చూపించారు. కృష్ణమోహన్ దాన్ని రెండువైపులా చూసి, "మా మేనమామకి కూడా ఇలాంటిదే ఇచ్చారండీ, తప్పిపోతే తీసుకురావడానికి" అన్నాడు. ఏం ఉద్యోగమని రాధారాణి జాలిగా అడిగింది.

"చైనా భాష మాట్లాడతానమ్మా, కౌంటీ తరఫున."

రాధారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నమ్మకం కలగడానికి ఆయన నాలుగు వాక్యాలు కాంటనీస్‌లో మాట్లాడారు. ఆ భాషలో గొంతు ఎక్కీ దిగీ ఉంటుంది కదా, దామోదర్ లేచి కిటికీ తెరిచి గాలి ఆడేలా చేశాడు.

"నిజమేనండీ, ఈయనకి చిన్నప్పట్నుంచీ వచ్చు" అంది బాలమణి. "మలయాలో పుట్టేరు గదా."

"పలాస అన్నారు కదండీ" అన్నారు రాధాకృష్ణ గారు. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. పాపం, ఈవిడకి కూడా, అన్న చూపది.

చివరికి దామోదరే ఉపాయం చెప్పాడు. ఊళ్ళో చైనా హోటలుంది. అన్న పోయి మాట్లాడితే ఇయ్యాలే తేలిపోతది. నిజమైతే క్లాసు వెనక్కి ఇచ్చేద్దామని రాధాకృష్ణ గారు మాటిచ్చారు. అప్పలస్వామి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాలమణిని తీసుకుని బయల్దేరారు.

హోటలు యజమాని తైవాన్ మనిషి. అప్పలస్వామి గారు కాంటనీస్‌లో పలకరించారు. ఆయన మర్యాదగా నవ్వి, ఒక్క ముక్క అర్థం కాక ఇంగ్లీషులో ఏం కావాలన్నాడు. బల్ల చుట్టూ అందరి తలలూ కిందికి దిగాయి. ఆయనది వేరే భాషండీ, చైనాలో చాలా ఉంటాయి, అని అప్పలస్వామి గారు చెప్పబోతుంటే, యజమానికే తట్టింది.

"మీరు మాట్లాడేది కాంటనీసా? మా వంటవాడు కాంటన్ వాడే. ఉండండి పిలుస్తాను."

వంటవాడు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అప్పలస్వామి గారిని చూసి అక్కడే ఆగిపోయాడు. గురువారం గురువారం నరాల ఆఫీసుకి పక్క గుమ్మంలోంచి వచ్చే మనిషి అతను. కూరలు కొనడానికి వెళుతున్నానని యజమానితో చెప్పి వస్తాడు. ఆ యజమాని ఇప్పుడు అతని భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. కాంటనీస్‌లో ఒక్క పలకరింపు చాలు, మీకిద్దరికీ ఎక్కడ పరిచయమని యజమాని అడగడానికి. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ ఆఫీసు పేరు తెలుసు. అతను తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

"మాట్లాడండి" అన్నారు రాధాకృష్ణ గారు.

అప్పలస్వామి గారు వంటవాణ్ణి కొత్తమనిషిని చూసినట్టు చూశారు. తర్వాత మెనూ చూశారు.

"నాకు చైనా భాష రాదండీ" అన్నారు తెలుగులో. "ఊరికే అన్నాను."

"పర్వాలేదండీ, పర్వాలేదు" అన్నారు రాధాకృష్ణ గారు చాలా మృదువుగా. "అందరికీ ఫ్రైడ్ రైస్ చెబుదాం. గుడ్డు లేకుండా."

తిరిగి వస్తుంటే కారులో బాలమణి అడిగింది.

"అంత బాగా వచ్చు గదా. మరేటొచ్చింది మీకు?"

ఆయన రోడ్డు చూస్తున్నారు.

"ఆ వంటవాడు మీకు తెలుసునేటి?"

"తెలీదు."

"తెలీని మనిషి కోసం పిల్లల్ని వదులుకున్నారేటి?"

ఆయన సిగ్నల్ వేసి కుడివైపు తిప్పారు.

క్లాసు కృష్ణమోహన్ ఇంటికి మారింది. శనివారం పొద్దున అప్పలస్వామి గారు అలవాటు కొద్దీ లేచి, వాగన్ కడిగి, తుడిచి, లోపల పెట్టేసేవారు. అట్టపెట్టెలు గరాజ్‌లో పేరుకుపోయాయి.

అలా వేసవి గడిచింది. ఒక పనిరోజు సాయంత్రం రాధారాణి ఒక్కతే వచ్చింది. పులిహోర తెచ్చింది. కాసేపు వానల గురించి మాట్లాడింది, అప్పుడు వానలు లేవు. ఆవిడ తల్లి బాపట్లలో పోయి ఆరునెలలైంది, వెళ్ళడానికి కుదరలేదు. ఈ సంగతి తర్వాత ఆవిడే పదిమందికీ చెప్పింది కాబట్టి నేనూ చెబుతున్నాను.

"బాబాయ్ గారూ, మీరు వెళ్ళే చోట... డాక్టర్లు మంచివాళ్ళేనా?"

"మంచివాళ్ళేనమ్మా."

"అరుస్తారా? కరెంటూ అదీ పెడతారా?"

"టీ ఇస్తారు. ఫ్లాస్కు నాదే."

"నాకేం లేదనుకోండి. ఊరికే నీరసం. వంట చేయబుద్ధి కావట్లేదు. మీకు అనుభవం ఉంది కదా అని అడుగుతున్నా. ఇంకెవర్ని అడుగుతాం?"

ఆ ఒక్క క్షణంలో ఆయన నిజం చెప్పేయొచ్చు. తనకే జబ్బూ లేదని, తనది ఉద్యోగమని. చెబితే ఆవిడ పులిహోర గిన్నె తీసుకుని, అబ్బే నేను ఊరికే అడిగానని నవ్వేసి వెళ్ళిపోతుంది. చైనా వాళ్ళలో అలా లేచి వెళ్ళిపోయినవాళ్ళని ఆయన చూశారు.

"నరాల బలహీనతమ్మా" అన్నారు. "నాకూ అదే. పక్క గుమ్మం ఉంది, రోడ్డు మీంచి కనపడదు. గురువారం కాకుండా రా. డాక్టర్ ఎలెన్ అని అడుగు. ఆవిడక్కూడా బియ్యం పడేవి కావు, ఇప్పుడు నయం."

రాధారాణి వెళ్ళింది. నెల తిరిగేసరికి విద్యకి వయొలిన్ అయిపోయింది. ఆ శనివారం వాగన్‌లో విద్య ముందు సీట్లో కూర్చుని, "నేను చెప్పా కదా, వయొలిన్ లేనే లేదు" అంది.

తర్వాత ఒకరొకరే వచ్చారు. అందరూ పనిరోజుల్లో, అందరూ మరేదో పని మీద. ఒకరు కారుకి ఆయిల్ ఎక్కడ మారుస్తారని అడగడానికి వచ్చారు. ఒకరు నిచ్చెన అడిగారు. రాధాకృష్ణ గారు తన ఉద్యోగం పోయిన ఏడాది ఒక స్నేహితుడి గురించి అడగడానికి వచ్చారు. ఆ స్నేహితుడు నిద్రపోవడం లేదట, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట. అప్పలస్వామి గారు ఆ స్నేహితుడికి పక్క గుమ్మం సంగతి చెప్పి, స్నేహితుడు ఒంటరిగా వెళ్ళలేనంటే తను తోడుగా కారులో కూర్చుంటానన్నారు. కూర్చున్నారు కూడా.

రేణుకి డాన్సు అయిపోయింది. కృష్ణమోహన్ పిల్లల పళ్ళు కుదురుకున్నాయి. ఉదయ్ ఈత నేర్చేసుకున్నాడని వాళ్ళ నాన్న చెప్పారు. వాగన్‌లో పిల్లలు పట్టక ఇద్దరు వెనక సామాన్ల చోట కూర్చునేవారు. ఎవరి పిల్లలు ఎందుకు తిరిగొచ్చారో నేను లెక్కవేయను, మీరూ వేయకండి.

1988 ఉగాదికి పిల్లలు స్కూలు కెఫెటేరియాలో నాటిక వేశారు. అప్పలస్వామి గారు డాక్టర్ ఎలెన్‌ని పిలిచారు. ఆవిడ కాస్త ఒళ్ళు చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. వేదిక మీద రెండు మాటలు చెప్పమంటే, మిస్టర్ పైడి లేకపోతే మా ఆఫీసు నడవదు, ఎనిమిదేళ్ళుగా ఆయనే మా చైనా దుబాసీ, అని చెప్పి దిగిపోయింది. హాలంతా చప్పట్లు కొట్టబోయి ఆగింది. బాలమణి మాత్రం గట్టిగా కొట్టింది.

కార్ల దగ్గర రాధాకృష్ణ గారు ఆయన్ని పక్కకి లాగారు. మొహం ఎర్రగా ఉంది.

"ఇదేం పద్ధతండీ? అయిదేళ్ళు మమ్మల్నందర్నీ నమ్మించారు. మీకే జబ్బూ లేదని ఒక్కసారి గట్టిగా చెప్పి ఉండొచ్చు కదా?"

అప్పలస్వామి గారు వాగన్ తలుపు తీసి పట్టుకుని, పిల్లలు ఎక్కేదాకా ఆగి, ఆయనకి మాత్రమే వినపడేలా అన్నారు:

"చెప్పీసుంటే మీ స్నేహితుడు ఎవరి దగ్గరికి వచ్చేవాడండీ?"